బైకు వెనక ట్రాలీ: లాగడం సరే, ఆగడం మాటేమిటి?

చదునైన తారురోడ్డు మీద 200 కిలోల ట్రాలీని లాగడానికి కావలసిన బలం మనం ఊహించేదానికన్నా చాలా తక్కువ. చక్రాలు పట్టేయకుండా తిరుగుతూ, టైర్లలో గాలి నిండుగా ఉంటే, మొత్తం బరువులో నూటికి రెండు వంతుల బలం చాలు. అంటే 4 కిలోల వస్తువును ఎత్తి పట్టుకోవడానికి ఎంత బలం కావాలో అంత. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ పని చేయడానికి అర హార్స్‌పవర్ కూడా పట్టదు. హీరో స్ప్లెండర్ ఇంజను దాదాపు 8 హార్స్‌పవర్ ఇస్తుంది. కాబట్టి వెల్డింగ్ షాపులో ట్రాలీ చేయించుకుని, బండికి తగిలించి, వీధి చివరిదాకా తిప్పి చూసినవాళ్లకు బండి తేలిగ్గా లాగినట్టే అనిపిస్తుంది. అది నిజమే. ఆ పరీక్షలో ఇంజను పాసయింది. బ్రేకులు, ముందు చక్రం, ఫ్రేము మాత్రం ఇంకా పరీక్షకు కూర్చోలేదు.

గడ్డిమోపులు, నీళ్ల డ్రమ్ములు, పాలక్యాన్లు, టిఫిన్ సామాను వేసుకోవడానికి బైకు వెనక చిన్న ట్రాలీ ఉంటే బాగుండునని చాలామంది అనుకుంటారు. ఆటో కిరాయి మిగులుతుంది, ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆ కోరికలో తప్పేమీ లేదు. దీన్ని ఎంతవరకు తీర్చుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది లెక్క తెలిస్తే ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఆ లెక్కకు పెద్ద చదువేమీ అక్కర్లేదు.

ముందు బ్రేకుల సంగతి చూద్దాం. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. నడిపే మనిషి 68 కిలోలు అనుకుంటే మొత్తం 180. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు గట్టిగా పట్టితే, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుందనుకుందాం. ఇప్పుడు వెనక బ్రేకు లేని 200 కిలోల ట్రాలీ ఉంది. బ్రేకులు అవే, రోడ్డును పట్టుకునే టైర్లూ అవే రెండు. అవి ఆపాల్సిన బరువు మాత్రం 180 నుంచి 380 అయింది. ఆగే దూరం 12 మీటర్ల నుంచి 25 మీటర్లకు పెరుగుతుంది. ప్రమాదాన్ని చూసి, చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపు గడిచే ఒక సెకనులో బండి మరో 11 మీటర్లు పోతుంది. అన్నీ కలిపితే 36 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెకూ మీకూ మధ్య అంత జాగా ఉండాలి. వేగం 40 నుంచి 60కి పెంచితే, బ్రేకు పట్టిన తర్వాతి దూరం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. ఆ 25 మీటర్లు 56 దాటుతాయి.

ట్రాలీని 70 కిలోలకు తగ్గిస్తే? 40 వేగంలో 12 మీటర్లు 17 అవుతుంది. ఆ తేడాను జాగ్రత్తపరుడు సర్దుకోగలడు. ట్రాలీ బరువుకు హద్దు ఉండాలనే మాట ఇక్కడినుంచే పుట్టింది. ఆ హద్దును ఇంజను బలం చూసి పెట్టరు, లాగే బండి బరువును చూసి పెడతారు.

బ్రిటన్‌లో బైకు వెనక ట్రైలర్ కట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది. అక్కడి నిబంధనలు చదివితే ఈ లెక్క అంతా అందులో కనిపిస్తుంది. బండి ఇంజను 125 సీసీ దాటి ఉండాలి. ట్రైలర్ బరువు, అందులోని సామానుతో కలిపి, 150 కిలోలు మించకూడదు, లేదా బండి బరువులో మూడింట రెండు వంతులు మించకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అదే హద్దు. వెడల్పు ఒక మీటరు దాటరాదు. బైకు వెనక ఇరుసు నుంచి ట్రైలర్ చివరిదాకా రెండున్నర మీటర్లకు మించరాదు. ఖాళీ ట్రైలర్ బరువు ఎంతో దానిమీదే రాసి ఉండాలి.

ఈ కొలత మన బండ్లకు పెట్టి చూద్దాం. స్ప్లెండర్ బరువులో మూడింట రెండు వంతులంటే సుమారు 75 కిలోలు. (వంద సీసీ కాబట్టి బ్రిటన్‌లో దానికి అసలు అనుమతే రాదు, ఆ మాట పక్కన పెడదాం.) ఇనుప యాంగిళ్లు, రేకు, ఇరుసు, రెండు చక్రాలు వేసి మన దగ్గర చేసే ట్రాలీ ఖాళీగానే 40, 50 కిలోలు తూగుతుంది. ఇక మిగిలింది 25 నుంచి 35 కిలోలు. అది ఒక బియ్యం బస్తా. ఆ ఒక్క బస్తాను సీటు మీద కట్టుకుని పోవచ్చు, దానికి ట్రాలీ ఎందుకు? 45 కిలోల యూరియా బస్తాలు నాలుగు వేయాలన్న ఆశతో ట్రాలీ చేయిస్తే, బస్తాలే 180 కిలోలు, ట్రాలీతో కలిసి 220 దాటుతుంది. బండి బరువుకు అది రెట్టింపు. ఇలా చూసినప్పుడు వంద సీసీ బండికి ట్రాలీ వల్ల లాభం లేదన్నది నా అభిప్రాయం. భద్రంగా ఉండే బరువు వేస్తే ట్రాలీ అవసరమే ఉండదు, అవసరమైన బరువు వేస్తే భద్రత ఉండదు. 195 కిలోలు తూగే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సంగతి వేరు. దాని మూడింట రెండు వంతులు 130. తేలికపాటి ట్రాలీ 40 కిలోలకు చేయిస్తే, సామానుకు 90 కిలోలు మిగులుతాయి. అక్కడ కొంత అర్థం ఉంది.

అయినా ఏ బండి కొన్నా, దానితో వచ్చే పుస్తకం ఒకసారి తెరిచి చూడాలి. హోండా లాంటి కంపెనీలు ఈ బండిని ట్రైలర్ లాగడానికి గానీ సైడ్‌కార్ తగిలించడానికి గానీ తయారుచేయలేదని తమ పుస్తకాల్లో హెచ్చరిస్తాయి. చాలామంది దాన్ని కంపెనీవాళ్ల పిరికితనం అనుకుంటారు. బ్రేకు డ్రమ్ము ఎంత వేడిని తట్టుకుంటుందో, ఫ్రేము వెనక భాగం ఎంత మోయగలదో లెక్కకట్టినవాళ్ల మాట అది. పక్కన పెట్టేముందు దానికి ఇవ్వాల్సిన విలువ ఇవ్వాలి.

బరువెంత అన్నది తేలాక, ఆ బరువును ఎక్కడ పెట్టాలన్నది రెండో సంగతి. నన్నడిగితే ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ చేసిన పొరపాటు బండి కదిలేటప్పుడు కనిపించదు, వేగం అందుకున్నాక బయటపడుతుంది. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. బస్తాలు వెనక్కి పేర్చితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడను పైకి లాగుతుంది, మరీ ముందుకు పేర్చితే బరువంతా ఎడ్ల మెడ మీద పడుతుంది. అందుకే బండి నింపేటప్పుడు నొగ ఎత్తి చూసి సామాను సర్దేవారు. బైకు ట్రాలీకి కూడా అదే చేయాలి, కాకపోతే ఇక్కడ కొలిచి చేయాలి. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందు కొక్కెం మీద పడేలా సామాను పెట్టాలి. 70 కిలోల ట్రాలీ అయితే 7 నుంచి 10 కిలోలు. ట్రాలీ ముందు కొసను ఇంట్లో బరువు చూసుకునే కాటా మీద ఆనించి చూస్తే తెలిసిపోతుంది. బండికి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తున ఇటుకలు పేర్చి, వాటి మీద కాటా పెట్టి చూడాలి.

ముందు బరువు చాలకపోతే ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒక గుంత తగిలో, లారీ దాటిపోయిన గాలికో కొంచెం పక్కకు జరుగుతుంది. తిరిగి దారిలోకి వస్తూ అవతలి పక్కకు మరికొంత ఎక్కువ పోతుంది. తక్కువ వేగంలో ఈ ఊపు దానంతటదే తగ్గిపోతుంది. ఒక వేగం దాటాక తగ్గడం మానేసి, ప్రతి ఊపుకూ పెరుగుతుంది. బైకు వెనక చక్రాన్ని అటూ ఇటూ గుంజుతుంది. అలాంటప్పుడు భయపడి ముందు బ్రేకు గట్టిగా పడితే పడిపోవడం ఖాయం. వేగం పెంచి సరిచేద్దామనుకున్నా అంతే. యాక్సిలరేటర్ మెల్లగా వదిలేసి, హ్యాండిల్‌తో పోట్లాడకుండా నిటారుగా పట్టుకుని, బండి దానంతటది నెమ్మదించేదాకా ఓపిక పట్టాలి. ఆపిన తర్వాత సామాను ఇరుసుకు ముందువైపు జరిపి కట్టాలి.

ముందు బరువు ఎక్కువైనా చిక్కే. కొక్కెం బైకు వెనక ఇరుసుకన్నా వెనక్కి ఉంటుంది కాబట్టి అక్కడ పడే బరువు తూగుడుబల్లలా పనిచేసి ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. స్ప్లెండర్ రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 124 సెంటీమీటర్లు. కొక్కెం వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనకగా ఉండి, దానిమీద 10 కిలోలు పడితే, ముందు చక్రం మీద దాదాపు 5 కిలోలు తగ్గుతాయి, వెనక చక్రం మీద 15 పెరుగుతాయి. 10 కిలోలకు ఇది పెద్దగా తెలియదు. 40 కిలోలు పడితే ముందు చక్రం దాదాపు 20 కిలోలు కోల్పోతుంది. బండిని తిప్పేదీ, ఎక్కువ భాగం ఆపేదీ ముందు చక్రమే.

ఇప్పుడు అతుకు సంగతికి వద్దాం. కారు వెనక ట్రైలర్‌కీ బైకు వెనక ట్రైలర్‌కీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. కారు మలుపులో నిటారుగానే ఉంటుంది. బైకు వాలుతుంది, వాలకపోతే తిరగదు. రెండు చక్రాల ట్రాలీ వాలదు. ఒకటి వాలుతూ ఒకటి నిలబడి ఉండాలంటే, మధ్యలో అతుకు మూడు రకాలుగా కదలాలి: కుడి ఎడమలకు, పైకీ కిందికీ, అలాగే మెలితిరిగినట్టు గుండ్రంగా. గుండుమీద గిన్నె బోర్లించినట్టుండే బాల్ హిచ్ మొదటి రెండింటినీ బాగా చేస్తుంది, మూడోది కొంతవరకే. అందుకని బైకు ట్రైలర్లలో ముందు రాడ్డుకే గుండ్రంగా తిరిగే స్వివెల్ ఒకటి అదనంగా పెడతారు. అది ఉంటే బైకు పక్కకు పడిపోయినా ట్రాలీ నిలబడే ఉంటుంది, ట్రాలీ బోల్తా పడినా బైకును మెలిపెట్టి పడేయదు. ట్రాక్టర్ ట్రక్కుకు వాడినట్టు రంధ్రంలో పిన్ను దూర్చి వదిలేస్తే, బైకు వాలినప్పుడల్లా ఆ పిన్ను బిగుసుకుని బండిని నిటారుగా తోయాలని చూస్తుంది. మలుపు మధ్యలో బండి మాట వినకపోవడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఒకే చక్రమున్న ట్రైలర్ ఈ చిక్కును ఇంకో దారిలో విప్పింది. మైసూరులో తయారైన జావా బండ్లు మన పెద్దవాళ్లకు బాగా గుర్తుండే ఉంటాయి. ఆ జావా పుట్టిన చెకోస్లోవకియాలో, ఆ బండ్లకు తగిలించడానికి పావ్ 40 అనే చిన్న ట్రైలర్ ఉండేది. గుండ్రటి రేకు డబ్బా, కింద ఒకే చక్రం, 40 కిలోల సామాను. బైకుతోపాటే అదీ వాలుతుంది, బైకు పోయిన గాడిలోనే పోతుంది. అయితే ఒంటిచక్రం దానంతటది నిలబడలేదు కాబట్టి, అందులోని బరువు పక్కకు ఒరగకుండా బైకే మోయాలి. అందుకే ఆ 40 కిలోల హద్దు. నాకు ఆ ట్రైలర్ అంటే గౌరవం. బైకు ఎంత మోయగలదో తెలిసి, అంతకే గీత గీసి, ఆ గీత లోపల పనికొచ్చే వస్తువును తయారుచేశారు.

కొక్కెం బండికి ఎక్కడ బిగించాలన్నది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మడ్‌గార్డుకు, సారీ గార్డుకు, సామాను క్యారియర్‌కు బిగించినవి కొన్నాళ్లకు ఊగి, పగిలి, ఊడిపోతాయి. అవి లాగుడుకు చేసినవి కావు. ఫ్రేముకు రెండు వైపులా, కనీసం నాలుగు చోట్ల బోల్టులతో పట్టిన బ్రాకెట్ ఉండాలి. ఫ్రేము గొట్టం మీద నేరుగా వెల్డింగ్ పెట్టిస్తే, ఆ వేడికి అతుకు పక్కన గొట్టం బలహీనపడి కొన్నాళ్లకు అక్కడే చిట్లవచ్చు. కొక్కెం ఊడినా ట్రాలీ వదిలిపోకుండా రెండు గొలుసులు కొక్కెం కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసి తగిలించాలి. అతుకు తెగితే రాడ్డు ముక్కు రోడ్డు మీద పొడుచుకోకుండా ఆ గొలుసుల మీద పడి నిలుస్తుంది.

రోడ్డు మీదికి వెళ్తే, రెండు చక్రాల ట్రాలీతో మీరు మూడు గాళ్లు వేస్తూ పోతున్నారు. బైకు చక్రం గుంతను తప్పించుకుని పక్కనుంచి పోవచ్చు, ట్రాలీ చక్రం సరిగ్గా ఆ గుంతలో పడుతుంది. మలుపులో ట్రాలీ మీకన్నా లోపలిగా కోసుకుని వస్తుంది. రాయికి అరడుగు దూరంగా తిరిగానని మీరనుకుంటారు, ట్రాలీ దానిమీదికి ఎక్కుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోసి, అంచుల్లో రాళ్లు పేర్చే మన ఊళ్లలో ఇది ఊహకందని సంగతేమీ కాదు. స్పీడ్‌బ్రేకర్ దగ్గర బైకు రెండు చక్రాలూ దిగాక, ‘అయిపోయింది’ అనుకుని వేగం అందుకునేలోపు మూడో కుదుపు వస్తుంది. చిన్న చక్రాలు గుంతలో ఎక్కువ లోతుకు దిగుతాయి, ఎక్కువసార్లు తిరుగుతాయి కూడా. 40 సెంటీమీటర్ల చక్రం 60 సెంటీమీటర్ల బైకు చక్రానికన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగాలి. అందుకే బేరింగులు వేడెక్కుతాయి. మొదటిసారి పది, పదిహేను కిలోమీటర్లు పోయాక ఆగి హబ్‌ల దగ్గర చేయి పెట్టి చూడాలి. చేయి నిలవనంత వేడి ఉంటే గ్రీజు లేదనో, బేరింగ్ బిగుసుకుందనో అర్థం.

ఘాట్ ఎక్కడంకన్నా దిగడం కష్టం. వంద మీటర్లకు ఏడు మీటర్లు దిగే వాలులో 200 కిలోల ట్రాలీ, వాలు లాగే 14 కిలోల్లో చక్రాలు తిరగడానికి పోయే 4 పోను, బైకును వెనకనుంచి 10 కిలోల బలంతో ఆగకుండా నెడుతూనే ఉంటుంది. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజనుకు పని చెప్పాలి. బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ము కాగి పట్టు సడలుతుంది. బ్రేకు పట్టాల్సినదంతా మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే పట్టాలి. మలుపు మధ్యలో బ్రేకు పడితే ట్రాలీ నెట్టే దిశ వేరు, బండి పోయే దిశ వేరు. ఆ నెట్టుడుకు వెనక చక్రం పక్కకు జారుతుంది.

వెలుతురు లేని రోడ్డు మీద బైకు వెనక దీపం ట్రాలీ చాటున పడిపోతుంది. వెనకొచ్చే లారీకి మీరు కనిపించరు. ట్రాలీకి సొంతంగా రెండు వైపులా ఎర్ర దీపాలు, బ్రేకు లైటు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు ఉండాలి. బైకు వైరింగ్ మీద భారం పడకుండా ఎల్ఈడీలు వాడాలి.

ఆ ట్రాలీలో మనుషుల్ని మాత్రం ఎక్కించకూడదు. పిల్లల్ని అసలే కూడదు. ఇది ప్రపంచం ఒకసారి ప్రయత్నించి వదిలేసిన పని. 1900 ప్రాంతంలో బ్రిటన్‌లో మోటారు సైకిళ్ల వెనక బుట్టలాంటి ట్రైలర్ కట్టి అందులో ఒకర్ని కూర్చోబెట్టేవారు. దుమ్మూ పొగా అంతా వాళ్ల మొహాన కొట్టేది, అతుకు ఊడితే ముందున్నవాడికి తెలిసేది కూడా కాదు. కొన్నేళ్లలోనే పక్కన కూర్చునే సైడ్‌కార్ వచ్చి దాని చోటు తీసుకుంది.

మన చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ అంటే మోటారు బండి లాగే ఒక వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని అదే చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌కు గట్టిగా మద్దతు పలికింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలలదాకా జైలు గానీ, రెండూ గానీ పడేలా చేసింది. షాపులో చేయించుకున్న ట్రాలీతో రోడ్డెక్కి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ ముందు వేసే ప్రశ్న దాని రిజిస్ట్రేషన్ గురించే ఉంటుంది. కాబట్టి ఇనుము కొనకముందే ఆర్టీవో కార్యాలయానికి వెళ్లి, ఈ బండికి ఈ ట్రాలీ తగిలించడానికి ఒప్పుకుంటారా అని అడగాలి. ఒప్పుకోకపోతే ఆ ట్రాలీ మీ చేను గట్లకే, మీ తోట లోపలికే పరిమితం. అక్కడ కూడా బరువు లెక్కలు మారవు.

సామాను తక్కువే అయితే ఇంకో దారి ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం బైకు వెనక తేలికపాటి డబ్బా పెట్టుకోవడానికి కొలతలు ఇచ్చింది: పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 దాటకూడదు. వెనక మనిషి కూర్చునే చోట ఆ డబ్బా పెడితే ఇక రెండో మనిషి ఎక్కకూడదు. రోజూ కూరగాయలో, పాలప్యాకెట్లో, మందులో చేరవేసేవాళ్లకు చాలావరకు అది సరిపోతుంది. దానికి మించిన బరువు వారంలో ఒకటి రెండుసార్లే ఉంటే ట్రాలీ ఆటో కిరాయి చవక. రోజూ ఉంటే మూడు చక్రాల సరుకు బండి కొనడం గురించి ఆలోచించాలి.

అనుమతి దొరికి, తగిన బండి ఉండి, ట్రాలీ చేయించుకునేవాళ్లు మొదటి రోజు ఖాళీ మైదానంలో ఖాళీ ట్రాలీతోనే నడపడం మొదలుపెట్టాలి. ఆగడం, మలుపు తిరగడం, ఎనిమిది అంకె వేయడం చేతికి అలవాటయ్యాక 20 కిలోలు వేసి మళ్లీ అవన్నీ చేయాలి. తర్వాత మరో 20. బైకుకు రివర్స్ గేరు ఉండదు కాబట్టి, నింపిన ట్రాలీతో సందులోకి దూరేముందు అటునుంచి బయటపడే దారి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కొక్కెం విప్పి, ట్రాలీని చేత్తో తిప్పుకుని, మళ్లీ తగిలించాల్సి వస్తుంది. అలా తగిలించిన ప్రతిసారీ కొక్కెం లాక్, గొలుసులు, దీపాల వైరు మూడూ చేత్తో లాగి చూసి, ఆ తర్వాతే బండి ఎక్కాలి.